మూలవాసుల హక్కుల మ్యూజియంకి పిల్లల్ని ఎలా తీసుకెళ్లాలి? కెనడాలో ఉన్న తెలుగు అమ్మానాన్నల కోసం

సెప్టెంబర్ మూడో వారం రాగానే స్కూల్ నుంచి మెయిల్ వస్తుంది, 30న పిల్లలకి ఆరెంజ్ రంగు చొక్కా వేసి పంపండి అని. మనం హడావిడిగా ఒకటి కొని తొడిగి పంపేస్తాం. సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి, "అమ్మా, చిన్నపిల్లల్ని అమ్మానాన్నల దగ్గర్నుంచి గవర్నమెంటే లాక్కెళ్లిపోయిందంట, నిజమా?" అని అడిగితే నీళ్లు నములుతాం.

పిల్ల అడిగేది మూలవాసుల గురించి, అంటే యూరప్ వాళ్లు రాకముందు నుంచీ ఈ నేల మీదున్నవాళ్ల గురించి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి మ్యూజియం మంచి చోటు. కాకపోతే డైనోసార్ ఎముకలు చూపించడానికి వెళ్లినట్టు టికెట్లు కొనుక్కుని లోపలికి వెళ్లిపోతే సరిపోదు, ముందు కాస్త తయారీ కావాలి, వచ్చాక కూడా కాస్త పని ఉంటుంది.

"మనం మొన్నొచ్చినవాళ్లం, ఇది తెల్లవాళ్లకీ మూలవాసులకీ మధ్య గొడవ, మనకెందుకు" అనేవాళ్లు మన వాట్సాప్ గ్రూపుల్లో చాలామందే ఉన్నారు. సరే, ఇక్కడి పౌరసత్వ ప్రమాణం ఒకసారి చదవండి. 2021 జూన్ నుంచి అందులో కొత్త మాటలు చేరాయి: ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ (మూలవాసుల్లో మూడు వర్గాలు) ప్రజల మూలవాసీ హక్కుల్నీ, ఒప్పంద హక్కుల్నీ గుర్తించే రాజ్యాంగంతో సహా కెనడా చట్టాలన్నీ పాటిస్తానని మనం చెయ్యెత్తి చెప్పాలి. ఆ మార్పు ఊరికే రాలేదు. పిల్లల్ని లాక్కెళ్లి పెట్టిన బళ్ల గురించి విచారించిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో ఇచ్చిన 94 పిలుపుల్లో, అంటే చేయమని కోరిన పనుల్లో, చిట్టచివరిది అదే. దానికి ముందున్న 93వ పిలుపు, కొత్తగా వలస వచ్చేవాళ్లకిచ్చే సమాచారంలో ఈ చరిత్ర సరిగ్గా ఉండాలంటుంది. అంటే ఆ జాబితా రాసినవాళ్లు చివర్లో తలుచుకుంది మనలాంటివాళ్లనే. ఇక సంబంధం లేదని ఎలా అంటాం?

1. ముందు మీరు చదువుకోండి

ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. పిల్లల ముందు ఫోన్ తీసి వెతుక్కునే పరిస్థితి రాకుండా నాలుగు విషయాలు తెలిసుండాలి.

మొదటిది రెసిడెన్షియల్ స్కూళ్లు, మూలవాసుల పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచిన బళ్లు. ఈ పేరు వినగానే మనవాళ్లకి వెంటనే గుర్తొచ్చేది హాస్టల్, గురుకులం, ఇంటర్‌లో వేసిన కార్పొరేట్ కాలేజీ. ఊరి నుంచి వచ్చిన తాతగారైతే, "మేమూ హాస్టల్లో ఉండే చదువుకున్నాం, పప్పులో నీళ్లు తప్ప ఏముండేది కాదు" అని తేల్చేస్తారు. ఈ పోలికని మొదట్లోనే పక్కన పెట్టించండి. మన హాస్టల్లో చేర్పించింది అమ్మానాన్న, దసరాకి ఇంటికి తీసుకొచ్చింది కూడా వాళ్లే. ఇక్కడ 1920లో చట్టాన్ని మార్చి 7 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లల్ని పంపి తీరాలన్నారు, పంపని తల్లిదండ్రులకి శిక్షలు పెట్టారు. బళ్లో చేరగానే జుట్టు కత్తిరించేవాళ్లు, పేరు తీసేసి చాలాచోట్ల నంబరు ఇచ్చేవాళ్లు, సొంత భాషలో మాట్లాడితే కొట్టేవాళ్లు. డబ్బు ప్రభుత్వానిది, నడిపింది ఎక్కువగా చర్చిలు. 1830ల్లో మొదలై 1990ల చివరిదాకా నడిచాయి. కనీసం 1,50,000 మంది పిల్లలు ఆ బళ్లలోంచి వచ్చారు, తిరిగి రానివాళ్లలో పేర్లు తెలిసినవాళ్లే 4,000 దాటారు. చివరి బడి మూసేనాటికి మనలో చాలామంది ఇండియాలో పలక పట్టుకునో పదో తరగతి రాస్తూనో ఉన్నాం, అంత దగ్గరి చరిత్ర ఇది.

రెండోది కమిషన్. బళ్లలోంచి బతికొచ్చినవాళ్లు కోర్టుకెళ్లి గెలుచుకున్న ఒప్పందంలో భాగంగా 2008లో అది ఏర్పడింది, జస్టిస్ మర్రీ సింక్లెయిర్ అధ్యక్షుడు, 6,500 మందికి పైగా చెప్పింది విని 2015లో నివేదిక ఇచ్చారు. ఇది ప్రభుత్వం దయతలచి వేసిన కమిటీ అనుకోకండి, బాధితులు పోరాడి వేయించుకున్నది. పిల్లలకి చెప్పేటప్పుడు ఈ తేడా పోనివ్వకండి.

మూడోది, మూలవాసులంటే ఒక్క జాతి కాదు. ఫస్ట్ నేషన్స్‌లోనే 600కి పైగా సమాజాలున్నాయి, భాషలు వేరు, ఇళ్లు వేరు, తిండి వేరు. ఇగ్లూలూ ఈకల కిరీటాలూ కలిపి ఒకే బొమ్మ గీసే అలవాటు సినిమాల వల్ల వచ్చింది. 2021 జనాభా లెక్కల్లో మూలవాసులందరూ కలిపి 18 లక్షలు, దేశంలో నూటికి ఐదుగురు.

నాలుగోది ఒప్పందాలు, అంటే భూమి గురించి ప్రభుత్వం మూలవాసులతో రాసుకున్నవి. నన్నడిగితే పిల్లలకి అన్నిటికంటే తేలిగ్గా ఎక్కేది ఇదే, ఎందుకంటే ఇచ్చిన మాట తప్పడం అంటే ఏమిటో నాలుగేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. దీని గురించి మూడో మెట్టులో విడిగా రాశాను.

2. ఎక్కడికి వెళ్లాలో వయసుని బట్టి తేల్చుకోండి

అన్ని మ్యూజియంలూ అన్ని వయసులకీ సరిపోవు.

ఆరేడేళ్ల లోపు పిల్లలైతే, ఒట్టావా వైపు ఉన్నవాళ్లకి నది అవతల గాటినోలో ఉన్న కెనడియన్ మ్యూజియం ఆఫ్ హిస్టరీ బాగుంటుంది. పిల్లల మ్యూజియం కూడా అదే కప్పు కింద ఉంది కాబట్టి కాసేపు ఆట, కాసేపు పాఠం. అక్కడి గ్రాండ్ హాల్లో పసిఫిక్ తీరపు టోటెమ్ స్తంభాలు (బొమ్మలు చెక్కిన పొడవాటి చెట్టు మానులు) వరసగా నిలబెట్టి ఉంటాయి, పిల్లలు తలెత్తి చూసి నోరు తెరిచేస్తారు. మొదటిసారి అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను. ముందు ఆ మనుషుల పనితనం, ఇళ్లు, కథలు చూడాలి, ఆ తర్వాతే వాళ్లకి జరిగింది. మనుషుల్ని ముందు బాధితులుగా పరిచయం చేస్తే పిల్లల మనసులో అలాగే ఉండిపోతారు.

ఎనిమిదేళ్లు దాటితే విన్నిపెగ్‌లోని కెనడియన్ మ్యూజియం ఫర్ హ్యూమన్ రైట్స్. 2014లో తెరిచారు. కింద చీకటిగా మొదలై మెరిసే పాలరాతి లాంటి ర్యాంపుల మీదుగా పైకి వెళ్తూ ఉంటే వెలుతురు పెరుగుతూ వస్తుంది, ఆ నడక పిల్లలకి నచ్చుతుంది, మనకే మోకాళ్లు పట్టేస్తాయి. ఇక్కడ ఎక్కువసేపు నిలబడాల్సినవి రెండు. ఒకటి కేరీ న్యూమన్ అనే కళాకారుడు చేసిన విట్నెస్ బ్లాంకెట్, అంటే సాక్షి దుప్పటి. పేరుకే దుప్పటి, నిజానికి దేవదారు చెక్క పలకలతో చేసిన పొడవాటి గోడ, అందులో రెసిడెన్షియల్ స్కూళ్ల నుంచీ వాటితో సంబంధం ఉన్న చోట్ల నుంచీ సేకరించిన 800కి పైగా వస్తువులు పొదిగారు: తలుపు, పిల్లల బూటు, జడలు. న్యూమన్ తండ్రి కూడా అలాంటి బడిలోంచి వచ్చినవాడే. మ్యూజియం దాన్ని కొనేయలేదు. 2019లో ఇద్దరూ కలిసి దాన్ని కాపాడతామని కాగితం మీదా, మూలవాసుల పద్ధతిలో సభ జరిపీ ఒప్పందం చేసుకున్నారు, హక్కులు ఆ కళాఖండానికే ఉంటాయని అందులో రాసుకున్నారు. పెద్ద పిల్లలకి ఇది చెప్పి చూడండి, ఒక వస్తువుకి హక్కులేంటని గంటసేపు వాదిస్తారు. అయితే అది ఎప్పుడూ ప్రదర్శనలో ఉండకపోవచ్చు, వెళ్లే ముందు వెబ్‌సైట్ చూసుకోండి. రెండోది వేలాడదీసిన ఎర్ర గౌన్లు, జేమీ బ్లాక్ మొదలుపెట్టిన పని. హత్యకి గురైన, కనిపించకుండా పోయిన మూలవాసీ మహిళల గుర్తుగా పెట్టినవి. చిన్నపిల్లలు "ఈ డ్రెస్సులు ఎవరివి?" అని అడుగుతారు, "ఇంటికి తిరిగి రాని అమ్మల, అక్కల గుర్తుగా పెట్టారు" అంటే చాలు.

టొరంటో, బ్రాంప్టన్, మిస్సిసాగా వాళ్లకి దగ్గర్లో బ్రాంట్‌ఫర్డ్ ఉంది, కారులో గంట, గంటన్నర. అక్కడి వుడ్‌లాండ్ కల్చరల్ సెంటర్ ఆవరణలోనే మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే పాత రెసిడెన్షియల్ స్కూల్ భవనం నిలబడి ఉంది. 1970లో మూతపడింది. రోజూ పెట్టే గంజి లాంటి తిండి వల్ల పిల్లలు దాన్ని మష్ హోల్ అనేవాళ్లు. పైకప్పు కారిపోయి పాడవుతుంటే కూల్చేద్దామా, ఉంచుదామా అని అక్కడి మూలవాసీ సమాజాన్ని అడిగారు, దాదాపు అందరూ ఉంచమన్నారు, జరిగిందానికి సాక్ష్యం పోకూడదని. భవనం వెనక ఇటుకల మీద పిల్లలు గీసిన పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇది అద్దాల పెట్టెలో పెట్టిన ప్రదర్శన కాదు, జరిగిన చోటు. పదకొండు, పన్నెండేళ్ల లోపు పిల్లల్ని లోపలికి తీసుకెళ్లమని నేను చెప్పను. తీసుకెళ్లేవాళ్లు గైడ్ ఉన్న టూర్ బుక్ చేసుకుని, పిల్లల వయసు ముందే చెప్పండి.

3. వెళ్లే ముందు రోజు ఇంట్లో మాట్లాడండి

కారులో కాదు, ఇంట్లో, భోజనాల దగ్గర. ఒక చిన్న కథ చాలు.

ఫిలిస్ వెబ్‌స్టాడ్ అని బ్రిటిష్ కొలంబియాలో ఒక అమ్మాయి. 1973లో ఆరేళ్లు. బడికి వెళ్తోందని వాళ్ల అమ్మమ్మ ఊళ్లోకి తీసుకెళ్లి, ఆ పిల్ల ఏరుకున్న మెరిసే ఆరెంజ్ చొక్కా కొనిపెట్టింది. బడికి వెళ్లిన మొదటి రోజే బట్టలన్నీ విప్పించి తీసేసుకున్నారు. ఆ చొక్కా మళ్లీ ఇవ్వలేదు. పెద్దయ్యాక 2013లో ఆవిడ ఈ సంగతి చెప్పడంతోనే ఆరెంజ్ షర్ట్ డే మొదలైంది. ఏటా పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లే కాలం అదే కాబట్టి సెప్టెంబర్ 30ని ఎంచుకున్నారు, 2021 నుంచి అది జాతీయ దినం కూడా అయింది. చిన్నపిల్లలకి ఇంతకు మించి చెప్పనక్కర్లేదు. కొత్త చొక్కా ఎవరైనా లాక్కుంటే ఎలా ఉంటుందో వాళ్లకి మనం వివరించాలా?

కాస్త పెద్ద పిల్లలతో మీరుంటున్న నేల గురించి మాట్లాడండి. స్కూల్లో పొద్దున్నే మైకులో చదివే భూమి ప్రకటనలో, అంటే ఈ నేల ఏ మూలవాసులదో చెప్పే మాటల్లో, ఏవో పేర్లు వస్తాయి, పిల్లలకి కంఠతా వచ్చేసుంటాయి, అర్థం మాత్రం ఎవరూ చెప్పరు. మిస్సిసాగాలో ఉంటే ఆ ఊరి పేరే ఒక జాతి పేరు అని చెప్పండి. మిస్సిసాగాస్ ఆఫ్ ది క్రెడిట్ అనే ఆ ఫస్ట్ నేషన్ ఇప్పటికీ ఉంది, హేగర్స్‌విల్ దగ్గర. ఇప్పుడు టొరంటో ఉన్న నేల కోసం 1787లో జరిగిన కొనుగోలు పత్రాలు సరిగ్గా లేవని బ్రిటిష్ వాళ్లకే అనుమానమొచ్చి 1805లో మళ్లీ రాయించుకున్నారు, పది షిల్లింగులు ఇచ్చి. ఆ లెక్క తేలింది 2010లో, 14.5 కోట్ల డాలర్ల పరిహారంతో. రియల్ ఎస్టేట్ ధరలు నోటికి చెప్పే మన ఇళ్లల్లో ఇది వెంటనే అర్థమవుతుంది!

ఇంకా బాగా పనికొచ్చేది నాలుగు డాలర్ల కథ. సడ్‌బరీ, సూ సెయింట్ మేరీ వైపు చదువుకుంటున్న తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు కదా, ఆ నేల 1850 నాటి రాబిన్సన్-హ్యూరన్ ఒప్పందం కిందిది. భూమి మీద ఆదాయం పెరిగితే ఏటా మీకిచ్చే సొమ్ము కూడా పెంచుతామని అందులో రాశారు. 1875లో మనిషికి 4 డాలర్లు చేశారు. తర్వాత అక్కడ నికెల్ గనులొచ్చాయి, అడవులు కొట్టారు, ఊళ్లు లేచాయి. సొమ్ము మాత్రం 4 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, నూట నలభై ఏళ్లకి పైగా. చివరికి కోర్టుకెక్కితే పాత బకాయిల కింద 1,000 కోట్ల డాలర్లకి ఒప్పందం కుదిరింది, 2024లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వం మాట తప్పిందనే చెప్పింది. మీ అబ్బాయికి నాలుగు డాలర్లు చేతిలో పెట్టి దీనితో ఏమొస్తుందో అడగండి. ఆ తర్వాత మ్యూజియంలో ఒప్పందం అనే మాట కనబడితే తనంతట తనే ఆగి చదువుతాడు.

4. ఆ రోజు

పొద్దున్న టిఫిన్ గట్టిగా పెట్టండి, ఆకలి మీద ఉన్న పిల్లలకి ఏ చరిత్రా ఎక్కదు. మొత్తం చూసేయాలని పెట్టుకోవద్దు. టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలని ఐదంతస్తులూ తిప్పేవాళ్లని చూశాను, మూడో అంతస్తుకి పిల్లలు నేల మీద దొర్లుతుంటారు. మూలవాసుల భాగం ఒక్కటే, గంట, గంటన్నర, అంతే.

లోపల బోర్డులన్నీ చదివి వినిపించే పని పెట్టుకోకండి. పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడ మీరూ ఆగండి. మనం "ఇటు చూడు, ఇది ముఖ్యం" అని చెయ్యి పట్టి లాగిన చోట కాకుండా, తను ఆగిన చోటే ప్రశ్న పుడుతుంది. వీడియోల్లో బతికున్నవాళ్లు మాట్లాడే చోట్ల ముందు మీరు ఒక నిమిషం విని, తర్వాత పిల్లలకి హెడ్‌ఫోన్స్ ఇవ్వండి. కొన్నిటిలో దెబ్బల గురించీ, అంతకంటే ఘోరమైన వాటి గురించీ ఉంటుంది.

కొన్నిసార్లు లోపల సేజ్, స్వీట్‌గ్రాస్ లాంటి ఆకులు కాల్చి పొగ వేస్తారు, మనం సాంబ్రాణి వేసినట్టే. ఆస్తమా ఉన్న పిల్లలుంటే ఎప్పుడు వేస్తారో ముందే కనుక్కోండి. ఇక ఫోటోలు. టోటెమ్ స్తంభం దగ్గర తీసుకుంటే తప్పేం లేదు, చనిపోయిన పిల్లల పేర్లున్న చోటా, ఎర్ర గౌన్ల దగ్గరా పోజులు పెట్టించి స్టేటస్ పెట్టొద్దు, అంతకంటే చెప్పక్కర్లేదనుకుంటా. అక్కడ మాట్లాడే పెద్దవాళ్లలో బడిలోంచి వచ్చినవాళ్లు ఉండొచ్చు. "మిమ్మల్ని కూడా కొట్టారా?" అని పిల్లలు అడిగే లోపే చెప్పి ఉంచండి, వాళ్లు చెప్పింది విందాం, గుచ్చి గుచ్చి అడగొద్దు అని.

5. ప్రశ్నలు వస్తాయి, జవాబులు దగ్గర పెట్టుకోండి

అసలు కష్టం ఇక్కడే. మా ఇంట్లోనూ, తెలిసినవాళ్ల ఇళ్లల్లోనూ వచ్చినవి రాస్తున్నాను.

"వాళ్ల అమ్మానాన్న ఎందుకు పంపారు?" చాలామంది ఇష్టపడి పంపలేదు, పిల్లల్ని దాచుకున్నారు, ఏడ్చారు, ఎదురు తిరిగారు. చట్టం వాళ్లకి వ్యతిరేకంగా ఉంది. 1927 నుంచి 1951 దాకా భూమి గురించి కేసు వేయడానికి డబ్బు పోగు చేసి లాయర్ని పెట్టుకోవడం కూడా నేరమే. ఫస్ట్ నేషన్స్ వాళ్లు చట్టం గుర్తించిన తమ మూలవాసీ హోదా వదులుకోకుండా దేశ ఎన్నికల్లో ఓటు వేసే హక్కు అందరికీ వచ్చింది 1960లో. మన దేశంలో 1951-52 ఎన్నికల్లోనే నిరుపేద ముసలమ్మ కూడా ఓటేసింది అని చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు, కెనడానే ముందుంటుందనుకుంటారు కదా.

"నన్ను కూడా తీసుకెళ్లిపోతారా?" ఐదారేళ్ల వాళ్లు ఇది అడుగుతారు, లేదా అడగకుండా రాత్రి మీ పక్కకొచ్చి పడుకుంటారు. సూటిగా చెప్పండి: లేదు, ఆ బళ్లు మూసేశారు, నువ్వు రోజూ సాయంత్రం ఇంటికొస్తావు. దీనికి చరిత్ర పాఠం కలపొద్దు.

"అమ్మా, నేనూ ఇండియన్ కదా?" గోడ మీద ఇండియన్ యాక్ట్, ఇండియన్ స్కూల్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, మన పిల్లలు ఉలిక్కిపడతారు. కొలంబస్ పొరపాటు ఒక్క ముక్కలో చెప్పండి, 1876లో చేసిన ఆ చట్టం పేరు ఇంకా అలాగే ఉందనీ, మనం మాత్రం మనుషుల్ని వాళ్ల జాతి పేరుతోనే పిలవాలనీ చెప్పండి.

"ఇదంతా చేసింది మన టీచర్ వాళ్ల తాతలా?" ఇక్కడ జాగ్రత్త. చట్టాలు చేసినవాళ్లూ, బళ్లు నడిపినవాళ్లూ చేశారు. వాళ్ల ఇళ్లల్లో పుట్టినవాళ్లందరికీ ఆ పాపం అంటదు. కానీ ఆ నేల మీద ఇల్లు కొనుక్కుని, ఆ రోడ్ల మీద తిరిగే మనందరికీ ఆ ఒప్పందాలు నిలబెట్టే బాధ్యత ఉంది, మనతో సహా.

"సారీ చెప్పారా?" చెప్పారు. 2008 జూన్ 11న ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. "మరి అయిపోయిందా?" అనేది వెంటనే వచ్చే ప్రశ్న, దానికి జవాబు తర్వాతి మెట్టు.

6. బళ్ల దగ్గరే ఆపేయకండి

నాకు చాలా మ్యూజియం సందర్శనల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. పిల్లలు ఏడుపు ముఖంతో బయటికొస్తారు, పెద్దవాళ్లు "పాపం" అనుకుంటారు, ఐస్‌క్రీమ్ తిని ఇంటికెళ్లిపోతారు. హక్కుల సంగతి పాపం అనుకోవడంతో తేలేది కాదు. పోరాడిన పిల్లల దగ్గరికి తీసుకెళ్లండి.

షానెన్ కూస్టాచిన్ గురించి చెప్పండి. ఉత్తర ఒంటారియోలో అట్టావాపిస్కాట్ అనే ఊరు. అక్కడి బడి నేలలోకి డీజిల్ కారి, 2000లో బడి మూసేశారు. పిల్లలు ఏళ్ల తరబడి చలికి గడ్డకట్టే పోర్టబుల్ గదుల్లో చదివారు. 2008లో ఎనిమిదో తరగతి పిల్లలు నయాగరా విహారయాత్ర మానుకుని, ఆ డబ్బుతో ఒట్టావా వెళ్లి మంత్రిని కలిశారు. కొత్త బడికి డబ్బు లేదన్నాడాయన. షానెన్ ఊరుకోలేదు, దేశమంతా పిల్లల చేత ఉత్తరాలు రాయించింది. 2010లో 15 ఏళ్లకే కారు ప్రమాదంలో చనిపోయింది. 2012లో ఆ అమ్మాయి పేరుతో పార్లమెంటులో తీర్మానం నెగ్గింది, 2014లో ఆ ఊరికి కొత్త బడి వచ్చింది.

జోర్డన్ రివర్ ఆండర్సన్ది ఇంకో కథ, చెప్పేటప్పుడు మన గొంతే పూడుకుపోతుంది. మానిటోబాలోని నార్వే హౌస్ క్రీ నేషన్ పిల్లాడు, జబ్బుతో పుట్టి విన్నిపెగ్ ఆసుపత్రిలో ఉన్నాడు. రెండేళ్ల వయసులో ఆసుపత్రి నుంచి పంపొచ్చని డాక్టర్లు అన్నారు. కానీ ఖర్చు ఎవరు పెట్టాలని కేంద్ర ప్రభుత్వం, మానిటోబా ప్రభుత్వం తగువులాడుకుంటూ కూర్చున్నాయి. 2005లో ఐదేళ్ల వయసులో ఆసుపత్రిలోనే పోయాడు. ఆ పేరు మీదే జోర్డన్స్ ప్రిన్సిపుల్ వచ్చింది: ముందు పిల్లకి కావాల్సింది ఇవ్వండి, డబ్బు తగువు తర్వాత తేల్చుకోండి. ఫస్ట్ నేషన్స్ పిల్లల సేవలకి తక్కువ డబ్బిస్తున్నారని సిండీ బ్లాక్‌స్టాక్ నడిపే సంస్థ, అసెంబ్లీ ఆఫ్ ఫస్ట్ నేషన్స్ కలిసి 2007లో వేసిన కేసులో 2016లో మానవ హక్కుల ట్రిబ్యునల్ అది వివక్షేనని తేల్చింది. ఆ విచారణలకి స్పిరిట్ బేర్ అనే టెడ్డీ బొమ్మ కూడా హాజరయ్యేది, 1,65,000 మంది పిల్లల తరఫున. చిన్నపిల్లలకి ఈ కేసుని ఆ ఎలుగుబంటితోనే మొదలుపెట్టండి.

విన్నిపెగ్ వెళ్లినవాళ్లు మ్యూజియంలో కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునేటప్పుడు ఒక నిమిషం ఆగండి. ఆ నీళ్లు దాదాపు 150 కిలోమీటర్ల అవతల షోల్ లేక్ నుంచి వస్తాయి, 1919లో కాలువ పూర్తయినప్పటి నుంచీ. అదే సరస్సు ఒడ్డున ఉన్న షోల్ లేక్ 40 అనే ఫస్ట్ నేషన్, ఆ పనులు తమ ఊరిని ద్వీపంలా చుట్టేయడంతో రోడ్డు లేకుండా మిగిలిపోయింది. 1997 నుంచి 2021 దాకా వాళ్లకి కుళాయి నీళ్లు కాచకుండా తాగొద్దనే హెచ్చరిక ఉంది. రోడ్డు 2019లో వచ్చింది, నీటిశుద్ధి ప్లాంటు 2021లో. ఇంత పెద్ద మానవ హక్కుల మ్యూజియం కట్టుకున్న నగరం వాళ్ల నీళ్లే తాగుతోందని, ఆ ఊరివాళ్లు తమ ఊళ్లోనే కెనడా హక్కుల ఉల్లంఘనల మ్యూజియం అని పోటీగా ఒకటి తెరిచారు. ఆ వెటకారం నాకు చాలా నచ్చింది.

7. "మరి మన దగ్గరో?"

పదేళ్లు దాటిన పిల్లలు అడుగుతారు. మనం వెంటనే "బ్రిటిష్ వాళ్లు మనల్నీ దోచుకున్నారు, మనకి తెలుసు ఈ బాధ" అని బాధితుల వరసలో వెళ్లి నిలబడిపోతాం. అందులో అబద్ధం లేదు, కానీ సగమే. కోయలు, గోండులు, కొండరెడ్లు, చెంచుల వైపు నుంచి చూస్తే భూమి కోసం అడవిలోకి వచ్చినవాళ్లు మనమే. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1/70 చట్టం తేవాల్సి వచ్చిందంటే ఎవరి నుంచి కాపాడటానికి? పోలవరం కింద ఊళ్లు పోయినవాళ్లలో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లే. ఈ మాట మ్యూజియం మధ్యలో కాదు, వేసవి సెలవులకి ఊరెళ్లినప్పుడు చెప్పండి. అరకులో గిరిజన మ్యూజియం ఉంది, కొమురం భీమ్ నేలకొరిగిన జోడేఘాట్‌లోనూ ఒకటి ఉంది. అక్కడికెళ్లి, కెనడాలో అడిగిన ప్రశ్నలే మళ్లీ అడగమనండి.

8. ఇంటికొచ్చాక

ఆ రాత్రి ఏమీ అడగకండి. మర్నాడు బొమ్మలు గీయమనండి, ఏం గుర్తుందో అందులో బయటపడుతుంది. ఆరెంజ్ చొక్కా ఈసారి కొనేటప్పుడు డబ్బు ఎవరికి వెళ్తోందో చూడండి, బతికొచ్చినవాళ్ల సంస్థలకో మూలవాసీ కళాకారులకో వెళ్లేవి దొరుకుతాయి. లైబ్రరీలో మూలవాసీ రచయితలే రాసిన బొమ్మల పుస్తకాలు అడగండి.

జూన్ 21న జాతీయ మూలవాసుల దినం, ఆ చుట్టుపక్కల వేసవిలో పావ్‌వావ్‌లు, అంటే మూలవాసుల ఆటపాటల ఉత్సవాలు, జరుగుతాయి, చాలావరకు అందరూ వెళ్లొచ్చు. పిల్లలకి ఏడుపు ముఖాలే కాకుండా డప్పులు, ఆట, నవ్వులు కూడా కనిపించాలంటే ఇది తప్పకుండా చూపించాలి. గ్రాండ్ ఎంట్రీ, అంటే నర్తకులందరూ వరసగా లోపలికి రావడం, జరిగేటప్పుడు లేచి నిలబడాలి, నర్తకుల ఒంటి మీదున్నది వేషం కాదు కాబట్టి ముట్టుకోకూడదు, ఫోటోకి అడగాలి. అందరూ రండి అని మైకులో పిలిచినప్పుడు మాత్రం సిగ్గుపడకుండా వెళ్లి అడుగులేయండి.

ఫిబ్రవరి 14న హ్యావ్ ఎ హార్ట్ డే పేరుతో పిల్లలు ప్రధానికీ, తమ ఎంపీకీ ఉత్తరాలు రాస్తారు, ఫస్ట్ నేషన్స్ పిల్లలకీ సమానంగా బడి, వైద్యం ఇవ్వమని. ఆ రోజు దాకా ఆగక్కర్లేదు, మ్యూజియం నుంచి వచ్చిన వారంలోనే రాయించండి. స్పెల్లింగులు దిద్దకండి. తెలుగులో రెండు వాక్యాలు రాస్తానంటే రాయనివ్వండి, కింద ఇంగ్లీషులో అర్థం రాస్తే సరి. కవరు మీద ఎంపీ పేరు, హౌస్ ఆఫ్ కామన్స్, ఒట్టావా, పిన్ కోడ్ కె1ఎ 0ఎ6 అని రాసి డబ్బాలో వేసేయడమే, స్టాంపు అక్కర్లేదు.